సంచుల పెద్దమ్మ తుఫాను ఎక్కిన రోజు

ఆ ఇంట్లో లైనులో నిలబడే పని ఎప్పుడూ పెద్దమ్మదే. కరెంటు బిల్లు కట్టాలన్నా, ఆసుపత్రిలో చీటీ తీసుకోవాలన్నా, సర్కస్ టిక్కెట్లు కావాలన్నా, "పెద్దమ్మ ఉందిగా" అనేవాళ్ళు. ఉంది మరి, ఎక్కడికి పోతుంది? పెళ్ళి చేసుకోలేదు. బజారు వీధిలో చిన్న కుట్టు కొట్టు, దాని వెనకే ఒక గది. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం, లావైనవాళ్ళ చొక్కాలు వదులు చేయడం, చిక్కినవాళ్ళవి బిగించడం ఆమె పని. రెండు వీధుల అవతల ఉన్న ఆ ఇల్లు ఆమె చెల్లెలిది. చెల్లెలి పిల్లలు "పెద్దమ్మా" అని పిలిచీ పిలిచీ, చివరికి వీధి మొత్తానికీ ఆమె పెద్దమ్మే అయిపోయింది.

ఆ కుటుంబానికి ఒక పద్ధతి ఉంది. లైనులో సంచి పెడితే మనిషి ఉన్నట్టే లెక్క. అక్కాచెల్లెళ్ళకు ఇది వాళ్ళమ్మ నేర్పిన విద్య. సంచి పెట్టేసి, వెనకున్నవాళ్ళతో "కాస్త మా సంచి చూస్తుండండి" అని ఒక మాట చెప్పి, ఇంటికెళ్ళి కూర పొయ్యిమీద పడేసి వచ్చినా ఆ వీధిలో ఎవరూ కిక్కురుమనరు. పైగా లైను కదిలితే సంచిని కూడా ముందుకు జరుపుతారు. పెద్దమ్మకు ఇది ఎంత ఒంటబట్టిందంటే, లోకమంతా ఇలాగే నడుస్తుందని ఆమె గట్టి నమ్మకం.

ఇక పార్కు సంగతి. ఊరి బస్సు, తర్వాత రైలు, ఆ తర్వాత మరో బస్సు మారి వెళ్ళేంత దూరంలో పెద్ద వినోదాల పార్కు ఒకటుంది. ఏడాదికోసారి మరిది వ్యానులో అందరూ బయలుదేరతారు. ముందు మరిది, చెల్లెలు, మధ్యలో పిల్లలు, వెనక సీట్లో సంచుల మధ్య ఇరుక్కుని పెద్దమ్మ. ఆ పార్కులో అన్నిటికన్నా పెద్దది తుఫాను. ఇనుప పట్టాల మీద నిదానంగా పైకి పాకి, అక్కడినుంచి అమాంతం కిందికి దూకి, మెలికలు తిరిగి, మనిషిని తలకిందులు చేసి వదిలిపెట్టే రోలర్ కోస్టర్. జనం వచ్చేదే దానికోసం.

మొదటి ఏడాది పెద్దమ్మ కూడా లైనులో నిలబడింది. ఎండలో నిలబడి నిలబడి, చివరికి ప్లాట్‌ఫారం మీదికి చేరింది. సీటు ఎదురుగా కనబడుతోంది. సరిగ్గా అప్పుడే చెల్లెలి చిన్న కూతురు ఏడుపు లంకించుకుంది.

"అక్కా, దీన్ని కాస్త బయటికి తీసుకెళ్ళవా? ఇంతదూరం వచ్చాక నేను వెనక్కి పోవాలా ఏంటి?" అంది చెల్లెలు.

ప్లాట్‌ఫారం పక్కన ఒక చిన్న తలుపు ఉంటుంది. చివరి నిమిషంలో భయపడ్డవాళ్ళు పరువు దక్కించుకుని జారుకోవడానికి. పెద్దమ్మ పిల్లను చంకనేసుకుని ఆ తలుపులోంచి బయటికొచ్చేసింది. అంతే, ఆ రోజుతో ఆమెకు ఉద్యోగం ఖాయమైపోయింది. మరుసటి ఏడాది ఎవరూ అడగను కూడా లేదు. సంచులు, కళ్ళజోళ్ళు, ఫోన్లు, టోపీలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసి "చూస్తుండు పెద్దమ్మా!" అంటూ పరిగెత్తారు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉంది, ఏడాది తర్వాత ఏడాది. ఆనాడు ఏడ్చిన చిన్నది ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, తుఫానులో రెండు చేతులూ గాల్లోకి లేపి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ళు పెద్దమ్మకు పెట్టిన పేరు సంచుల పెద్దమ్మ. ముద్దుగానే పెట్టారు. ముద్దుగా పెట్టినవి మరీ గట్టిగా అంటుకుంటాయి.

పోయిన ఏడాది ఆ బెంచీ పక్కన కొత్త బోర్డు వెలిసింది. పిల్లల ఎత్తు చూసే గీత, గుండెజబ్బులవాళ్ళకు హెచ్చరిక, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క: అరవై నిండినవారికి ప్రవేశం లేదు. పెద్దమ్మ ఆ మధ్యాహ్నమంతా సంచుల మధ్య కూర్చుని ఆ ముక్కే చదివింది. అప్పటిదాకా ఎప్పుడైనా ఎక్కొచ్చులే అని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా కాస్తా ఆవిరైపోయింది. ఆమెకు అరవై నిండేది వచ్చే ఏడాదే.

ఆ వచ్చే ఏడాది వచ్చింది. ఒకరోజు చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర గొంతు సవరించుకుని అంది, "ఈసారి నేనూ తుఫాను ఎక్కుతా."

అందరూ నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. చెడ్డదైతే బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేది.

"నువ్వెక్కితే సంచులెవరు చూస్తారు పెద్దమ్మా?" అంది చిన్నది.

"వదినగారు సరదాకి అంటున్నార్లే. అయినా ఇప్పుడు నాకు ఊపిరాడని పని. పార్కు సంగతి రెండు మూడు నెలలు పోయాక చూద్దాం" అన్నాడు మరిది.

ఆ రెండు మూడు నెలల మధ్యలోనే ఆమె పుట్టినరోజు ఉంది. ఒక్కరికైనా గుర్తొస్తే ఒట్టు. పెద్దమ్మ కంచంలోది కదపకుండా లేచి చెయ్యి కడుక్కుంది.

తర్వాత కొన్నాళ్ళకు పార్కులో టిక్కెట్లమ్మే ఆయన సెలవుకి ఊరొచ్చి, కొత్త యూనిఫాం ప్యాంటు పొడవు తగ్గించమని తెచ్చాడు. కొలత ఇస్తూ మాటల్లో చెప్పాడు, "తుఫాను రేపు సాయంత్రం దాకానే అండీ. ఎల్లుండి నుంచి మరమ్మతులకు మూసేస్తున్నారు. మళ్ళీ తెరిచేసరికి చలికాలం."

పెద్దమ్మ మిషను తొక్కడం ఆపేసింది. పుట్టినరోజు వచ్చే నెల. చలికాలం ఎక్కడ, వచ్చే నెల ఎక్కడ! అంటే ఇక మిగిలింది రేపు ఒక్కటే. ఆయన వెళ్ళాక చాలాసేపు సూదిలోకి దారం ఎక్కలేదు. కళ్ళలో నీళ్ళుంటే ఎలా ఎక్కుతుంది?

తెల్లారగానే కొట్టు తలుపు మీద సుద్దముక్కతో "ఈ రోజు సెలవు" అని రాసింది. సంచిలో రొట్టె, ఉడికించిన గుడ్లు, నీళ్ళ సీసా, గుర్తింపు కార్డు వేసుకుంది. ఊరి బస్సెక్కింది, రైలెక్కింది. పిల్లల అల్లరి లేదు, ఒళ్ళో పరాయి సంచి లేదు. కిటికీ పక్క సీటు! వ్యానులో ఇన్నేళ్ళూ ఆమెకు కనబడింది ముందు సీట్లవాళ్ళ జుట్టే. ఆ దారిలో ఒక నది ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

రైలు దిగాక పార్కు బస్సు స్టేషను వెనక వైపు ఆగుతుంది. అడిగి అడిగి కనుక్కుంది. డ్రైవరు పెద్ద మీసాల మనిషి, టిక్కెట్లు కూడా ఆయనే ఇస్తాడు.

"ఎంతమంది?" అన్నాడు.

"ఒక్కరే" అంది మెల్లగా.

"మీవాళ్ళెవరైనా అక్కడ పనిచేస్తారా అమ్మా?"

"కాదు బాబూ. తుఫాను ఎక్కడానికి పోతున్నా."

డ్రైవరు ఆమెను, ఆమె సంచిని ఎగాదిగా చూశాడు. "సరే. తిరుగు బస్సు ఆఖరిది ఆరింటికి. అది దాటితే మీరూ, మీ తుఫానూ, రాత్రంతా కబుర్లు చెప్పుకోవాల్సిందే."

పార్కులోకి వెళ్ళీ వెళ్ళగానే ఆమె కాళ్ళు అలవాటుగా బెంచీ వైపు నడిచాయి. వాటిని కసిరి తుఫాను వైపు తిప్పింది. అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి ఇనుప కమ్మీల మధ్య మెలికలు మెలికలుగా సాగే పెద్ద లైను. దాని పక్కన, మనిషి పట్టేంత సన్నటి గేటు, పైన రాత: ఒక్కరుగా వచ్చినవారు ఇటు.

అది చదవగానే పెద్దమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి ఆమెకు. పెళ్ళిలో అందరికీ బల్లల దగ్గర కుర్చీలు, ఆమెకు స్తంభం పక్కన స్టూలు. అందరికీ గదులు, ఆమెకు నడవలో మడత మంచం. "పెద్దమ్మ ఒక్కతే కదా, ఎక్కడైనా సర్దుకుంటుంది!" ఇప్పుడు డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నాక, ఈ ముక్కూ మొహం తెలియని పార్కువాడు కూడా పక్కకు పొమ్మంటాడా? "నీ గేటు నువ్వే ఉంచుకో" అని గొణుక్కుని, తల ఎగరేసి పెద్ద లైనులోకి వెళ్ళి నిలబడింది.

లైను నత్తలా నడిచింది. ఎండ నెత్తికెక్కింది. అయినా నిలబడటంలో ఆమెకు సాటి ఎవరు? బరువు ఈ కాలి మీదినుంచి ఆ కాలి మీదికి మార్చుకోవడం, కమ్మీకి నడుము ఆనించడం, అన్నీ తెలిసిన ప్రాణం. ముందున్న కుర్రకారు కూలబడుతుంటే ఆమె గుంజలా నిలబడింది. ఒక్కో మెలికా దాటుతోంది. ప్లాట్‌ఫారం రేకుల కప్పు కిందికి వచ్చింది. పైన చక్రాల చప్పుడుకు గుండె అదురుతోంది, ఆ అదురు బాగుంది కూడా.

కానీ పొద్దుటినుంచి తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? ఇంకొక్క మెలిక ఉందనగా ఇక ఆగలేకపోయింది. ఏముంది, తెలిసిన విద్యే. సంచి తీసి తన చోట నిలబెట్టింది. వెనకున్న దంపతులతో "మా సంచి కాస్త జరుపుతుండండి, ఇప్పుడే వస్తా" అంది. వాళ్ళు తల ఊపారో లేదో కూడా చూడకుండా కమ్మీ కింది నుంచి దూరి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి చూస్తే ఏముంది, లైను రెండు ముక్కలైంది! మధ్యలో ఖాళీ నేల, ఆ నేల నడిబొడ్డున ఆమె సంచి. జనం దానికి దూరంగా గోడకు అతుక్కుపోయారు. చేతిలో వాకీటాకీతో ఒక గార్డు సంచి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ అరుస్తున్నాడు.

"ఎవరిదీ సంచి? ఎవరిదండీ ఈ సంచి?"

"నాది బాబూ, నాదే!" అని పరిగెత్తుకొచ్చింది. "అది సంచి కాదు, నేనే."

"ఏంటీ?"

"అంటే, నేను నిలబడ్డట్టు లెక్క. నా చోటది."

గార్డు వాకీటాకీ దించాడు. పాపం, అతని ఉద్యోగంలో ఇలాంటి జవాబు ఎదురైనట్టు లేదు. "ఇక్కడ సంచులకు లైను లేదమ్మా. వదిలేసిన సంచి కనబడితే మేం రైడు ఆపాలి. బయటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ చివరినుంచే రావాలి. రూలు."

"ఇంత పొద్దునొచ్చాను! ఇదిగో, వీళ్ళకు చెప్పే వెళ్ళాను, అడగండి."

గార్డు ఆ దంపతుల వైపు చూశాడు. భర్త తన బూట్లు చూసుకున్నాడు. భార్య ఆయన బూట్లు చూసింది. పెద్దమ్మ ఇంకో నాలుగు మాటలు అంది, గట్టిగానే అంది, కానీ రూలుకు చెవులుండవుగా. సంచి పట్టుకుని, ప్లాట్‌ఫారం పక్కన ఉన్న అదే చిన్న తలుపులోంచి, మళ్ళీ బయటికి వచ్చింది. ఈసారి చంకలో పిల్ల కూడా లేదు.

వచ్చి బెంచీ మీద కూలబడింది. అదే బెంచీ, అదే బోర్డు. లైను మొదట్లో ఎర్ర అంకెలు ఎంతసేపు పడుతుందో చూపిస్తున్నాయి. ఇప్పుడు చివర నిలబడితే తన వంతు వచ్చేది ఆరు దాటాకే. అప్పటికి బస్సూ ఉండదు, తుఫానూ మూసేస్తారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చెల్లెలు.

"అక్కా, కొట్టు మూసుంది, ఎక్కడున్నావు?"

"దారాలు అయిపోయాయే. కొనడానికొచ్చా."

"దారాలకు ఇంతసేపా? సర్లే, సాయంత్రం చిన్నదాని డ్రెస్సు కాస్త చూసిపెట్టు."

ఫోను పెట్టేశాక పెద్దమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. దారాలట! ఎందుకు అబద్ధమాడినట్టు? ఏం నేరం చేస్తున్నానని? కోపంలో ఒక గుడ్డు తీసి, పెంకు మీద ఆ కోపమంతా తీర్చుకుని, నోట్లో వేసుకుంది. నములుతూ ఉండగా పైన ప్లాట్‌ఫారం మీదినుంచి ఒక కేక వినిపించింది.

"ఒక్కరు! ఒక్కరున్నారా? ఒక్క సీటు ఉంది!"

ఈ కేక ఆమెకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ ఈ బెంచీ మీద వింటూనే ఉంది. విని వదిలేసింది, అది ఎవరికోసమో అనుకుని. ఈసారి నమలడం ఆపి చూసింది. తుఫానులో సీట్లు రెండేసి. ముగ్గురు వస్తే ఒకరి పక్కన ఖాళీ, అయిదుగురు వస్తే ఒకరి పక్కన ఖాళీ. ఆ ఖాళీ కోసమే ఆ కేక. సన్నటి గేటులోంచి ఒక పిల్ల లోపలికి వెళ్ళింది. పెద్దమ్మ రెండో గుడ్డు తినేలోపు ఆ పిల్ల జుట్టంతా రేగిపోయి, నవ్వుకుంటూ బయటికి వచ్చేసింది.

ఓసి పిచ్చిమొహమా, అనుకుంది పెద్దమ్మ, తనను తానే. పక్కకు పొమ్మనడం కాదు అది. బండి నిండా జనం ఎక్కాక కూడా ఒక్కళ్ళ కోసం ఆపుకుని, గొంతు చించుకుని పిలుస్తున్నారు. అలా పిలిచినవాళ్ళు ఆమె బతుకులో ఇంకెవరున్నారు?

చీర కొంగు బిగించి దోపుకుంది. సన్నటి గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది.

"ఎంతమంది ఆంటీ?"

"ఒక్కదాన్నే."

"నిజంగా ఒక్కరేనా? కొందరు లైను తప్పించుకోవడానికి ఒక్కరమని వచ్చి, లోపలికెళ్ళాక మమ్మల్ని విడదీశారని గొడవ చేస్తారు."

"నన్ను విడదీయడానికి ఎవరూ లేరమ్మా, భయపడకు."

అమ్మాయి నవ్వింది. తర్వాత కాస్త మొహమాటంగా "వయసు...?" అంది. పెద్దమ్మ కార్డు తీసి చేతిలో పెట్టింది. అమ్మాయి చూసి కనుబొమలెత్తింది.

"వచ్చే నెలతో..."

"వచ్చే నెల కదా! ఈ నెల కాదుగా?"

"కాదు" అని ఒప్పుకుంది అమ్మాయి. "కానీ సంచి లోపలికి తీసుకెళ్ళకూడదు ఆంటీ. కింద మీవాళ్ళెవరికైనా ఇచ్చి రండి."

పెద్దమ్మ వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది. అక్కడ ఎవరున్నారు? ఆ బెంచీ మీద కూర్చునే మనిషి తనే. సంచి పట్టీని రెండు చేతులతో నలుపుతూ నిలబడిపోయింది. ఇంతదూరం వచ్చి దీని దగ్గర ఆగిపోవాలా?

అమ్మాయి చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. నేను పట్టుకుంటా."

చాలా చిన్న మాట. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. సంచి ఇస్తూ పెద్దమ్మ "గుడ్లున్నాయి, తిను" అంది.

సన్నటి దారి పెద్ద లైను పక్కనుంచే పైకి వెళ్తుంది. మెలిక మెలికలో జనం నిలబడి ఉంటే ఆమె వాళ్ళను దాటుకుంటూ మెట్లెక్కింది. "అదుగో సంచావిడ!" అన్నారెవరో. ఇంకా ప్లాట్‌ఫారం అంచునే వేలాడుతున్న ఆ బూట్ల దంపతులు నోరు తెరిచి చూశారు. పెద్దమ్మ మర్యాద గల మనిషి. అందుకని ఏమీ అనలేదు, చిరునవ్వు మాత్రం నవ్వింది.

"ఒక్కరు! ఒక్కరున్నారా?"

"ఇదిగో! ఉన్నా! నేనున్నా!" చెయ్యి పైకెత్తి అరిచింది. ఆ అరుపుకు గార్డు కూడా ఉలిక్కిపడ్డాడు.

ఆ ఖాళీ సీటు ఎక్కడుందనుకున్నారు? అన్నిటికన్నా ముందు వరసలో! పక్కన గోడలా ఉన్న కుర్రాడు, కండలన్నీ చొక్కాలోంచి తన్నుకొస్తున్నాయి. అతని స్నేహితులు జంటలు జంటలుగా వెనక కూర్చుని, వీణ్ణి ఒంటరిగా ముందుకు తోసేశారు. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆంటీ, మీరు ఇంతకుముందు ఎక్కారా?" అన్నాడు.

"లేదు నాయనా. కానీ ఏళ్ళ తరబడి చూస్తున్నా. ఇప్పటిదాకా ఎవరూ పడలేదు. భయమేస్తే నా చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాడు. ఎముకలు విరిగేట్టు పట్టుకున్నాడు. బండి కదిలింది. టకటకమంటూ పైకి, ఇంకా పైకి. పార్కు చిన్నదైంది, దారిలో చూసిన నది దారంలా కనబడింది. కొన మీద బండి ఒక్క క్షణం ఆగినట్టయింది. పెద్దమ్మ కిందికి చూసింది. ఆ బెంచీ అగ్గిపెట్టెంత ఉంది. దాని మీద ఎవరూ లేరు.

తర్వాత బండి దూకింది. పెద్దమ్మ అరిచింది. ఇన్నేళ్ళూ మింగిన అరుపులన్నీ వరసపెట్టి బయటికొచ్చాయి. కడుపు ఎక్కడో పైనే ఉండిపోయింది, ముడి ఊడిపోయి జుట్టు కళ్ళమీద పడింది, ఆకాశం కాళ్ళకిందికొచ్చింది. కుర్రాడు కళ్ళు మూసుకుని "అమ్మా" అంటున్నాడు. ఆమె మాత్రం రెప్ప వేయలేదు. చివరి మెలికలో మిగిలిన చేతిని గాల్లోకి లేపింది, చిన్నది లేపినట్టే.

బండి ఆగాక దిగి, కుర్రాడి భుజం తట్టి, చిన్న తలుపు వైపు కాకుండా తుఫాను ఎక్కినవాళ్ళు వెళ్ళే పెద్ద దారిలోంచి దర్జాగా బయటికి నడిచింది. కింద అమ్మాయి సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. "ఎలా ఉంది ఆంటీ?" అంది. పెద్దమ్మ ఆ పిల్ల రెండు బుగ్గలూ నిమిరింది. గడియారం చూసుకుని పరుగు లంకించుకుంది. దారిలో ఒక్కచోట మాత్రం ఆగి, ఒక బోర్డు మొత్తం చదివి, మళ్ళీ పరిగెత్తింది.

బస్సు కదలబోతోంది. మీసాల డ్రైవరు అద్దంలో చూసి బ్రేకు వేశాడు. ఊడిన జుట్టు, వెలిగిపోతున్న మొహం చూసి ఆయన ఇంకేం అడగలేదు. "ఎక్కేశారన్నమాట!" అని మాత్రం అన్నాడు. బస్సు సగం దూరం పోయాక ఫోను మోగింది.

"అక్కా, ఇంకా దారాలు కొంటూనే ఉన్నావా?"

"దారాలు లేవు, గీరాలు లేవు. తుఫాను ఎక్కి వస్తున్నా."



"ఎవరితో వెళ్ళావు?"

"ఒక్కదాన్నే!" పెద్దమ్మ ఎంత గట్టిగా అందంటే బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. "బస్సెక్కి, రైలెక్కి, ఇంకో బస్సెక్కి వచ్చా. ముందు వరసలో కూర్చున్నా. వచ్చే నెలతో నాకు అరవై నిండుతాయే. ఆ తర్వాత ఎక్కనివ్వరు."

చెల్లెలికి అప్పుడు వెలిగింది. భోజనాల దగ్గర అన్న మాట, నవ్విన నవ్వు, కంచం వదిలేసి లేచిన అక్క, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి.

"మరి నీ సంచి ఎవరు పట్టుకున్నారక్కా?"

"ఎవరో అమ్మాయి. అక్కడ పనిచేసే పిల్ల."

"నేను పట్టుకోవాల్సింది" అంది చెల్లెలు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఫోనులో వినబడింది.

పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. సాయంకాలపు ఎండలో నది మళ్ళీ కనబడుతోంది. ఒళ్ళో ఉన్నది ఒక్క సంచే, అది తనదే.

"ఏడవకే పిచ్చిదానా. తుఫాను పక్కన నీళ్ళలోకి దూకే పడవ ఇంకోటుంది. దానికి వయసు అడ్డులేదు, బోర్డు చదివే వచ్చా. వచ్చే నెల నా పుట్టినరోజుకి పోదాం. సంచులు మాత్రం నువ్వే పట్టుకోవాలి."